మే నెలలో మాఘమాసం

బండి కొన్నామంటే మనవాళ్లు ముందు అడిగేది "ఎంతిస్తుంది?" అని. పాడిగేదె సంగతి అడిగినట్టే. పూటకు ఎన్ని లీటర్లని గేదె గురించి అడుగుతాం, లీటరుకు ఎన్ని కిలోమీటర్లని బండి గురించి అడుగుతాం. జవాబు చెప్పేవాడు గేదె విషయంలో ఎంత కోస్తాడో బండి విషయంలోనూ అంతే కోస్తాడు. నా 2004 మోడల్ మారుతి 800 గురించి నేనూ చాలా ఏళ్లు "పద్దెనిమిది" అని కోస్తూ వచ్చాను. పోయిన వేసవిలో నెల తిరగకముందే జేబు ఖాళీ అవుతుంటే, ఆ అంకె నోటికి రావడం మానేసింది.

నిజానికి ఆ బండి మా మావయ్యది. ఫిజిక్సు లెక్చరర్‌గా రిటైరయ్యాడు, మేస్త్రికి ఆయన మాస్టారు. కొత్తదిగా కొని పన్నెండేళ్లు నడిపి, కళ్లజోడు నంబరు పెరిగాక 2016లో నా చేతికిచ్చాడు. బండితోపాటు పెట్రోలు లెక్కల నోటుబుక్కు కూడా ఇచ్చాడు. బండి తీసుకున్నాను, నోటుబుక్కు అటకెక్కించాను. ఈ మధ్యే ఆయనే దాన్ని దింపించి, నాలుగు ట్యాంకులపాటు నా చేత మళ్లీ రాయించాడు.

ఈ బండి బాగుచేసే మేస్త్రిది విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు. అంబాసిడర్ల కాలం నుంచీ ఆ చేతులకు గ్రీజు వదల్లేదు. బండి కొన్నప్పటి నుంచీ మావయ్యకూ ఆయనకూ పరిచయం, అప్పటి నుంచే పేచీ. ఒకాయన కొలవనిదేదీ నమ్మడు. ఇంకొకాయన చెవికి వినిపించినదీ చేతికి తగిలినదీ తప్ప నమ్మడు. ఆ నాలుగు ట్యాంకుల లెక్క పట్టుకుని షెడ్డుకు వెళ్లిన రోజు నేను మధ్యలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. అక్కడ జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మేస్త్రి: చూడక్కర్లేదండీ మాస్టారూ. పెట్రోలేనండి. పొద్దుట్నించీ మీరు నాలుగోవారు. ఇథనాల్ కలపడం మొదలెట్టాక పాత బళ్లన్నిటిదీ ఒకటే కథ, మైలేజీ పడిపోయిందని.

మాస్టారు: ఎంత పడిపోయింది?

మేస్త్రి: బాగా పడిపోయిందండీ.

మాస్టారు: బాగా అంటే ఎంత?

మేస్త్రి నా వైపు చూశాడు. "పద్దెనిమిది ఇచ్చేది. ఇప్పుడు పదమూడు కూడా రావట్లేదు" అన్నాను. మావయ్య సంచీలోంచి నోటుబుక్కు తీశాడు. అట్ట ఊడిపోతే దానికి క్యాలెండరు కాగితం తొడిగి ఉంది.

మాస్టారు: పద్దెనిమిది ఎప్పుడిచ్చిందిరా? ఊళ్లో తిరిగినప్పుడు దీని సగటు 16.2. పద్దెనిమిది వచ్చింది ఒకే ఒక్కసారి. హైదరాబాదు పెళ్లికి వెళ్లొచ్చినప్పుడు. దారి పొడుగునా టాపు గేరు, ఏసీ వేయలేదు, మీ అత్తయ్య తోడు ఉందని అరవై దాటలేదు. ఆ పెళ్లినాటి అంకె పట్టుకుని, పిల్లాణ్ని స్కూలు దగ్గర దింపి బెంజ్ సర్కిల్ సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి వచ్చే బండిని కొలుస్తావా?

మేస్త్రి: అదీ నిజమేలెండి. ఆగినచోట కూడా తాగుతుంది కదండీ.

మాస్టారు: ఇంత చిన్న ఇంజనైనా ఊరికే నిలబడి తిరిగితే గంటకు సుమారు అర లీటరు. ఆ గంటలో నడిచింది సున్నా కిలోమీటర్లు. అందుకే ఊరి అంకెను ఊరి అంకెతోనే పోల్చాలి. అప్పుడు 16.2. ఇప్పుడు ఒకే బంకు, ఒకే పంపు, నాజిల్ టక్కుమని ఆగగానే ఆపి, ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నిండా కొట్టించేదాకా లెక్క. అలా నాలుగు ట్యాంకులు. సగటు 12.8.

మేస్త్రి: ఒక్క ట్యాంకు చాలదాండీ?

మాస్టారు: చాలదు. పది లీటర్లు పట్టేచోట పంపు కుర్రాడు ఇంకో లీటరు కుక్కితే లెక్కలో నూటికి పది తేడా వచ్చేస్తుంది. ఒక ట్యాంకు అంకె పుకారుతో సమానం.

మేస్త్రి: మరి బంకువాడు తక్కువ కొట్టి ఉంటే?

మాస్టారు: ఐదు లీటర్ల కొలత పాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి. సీలు వేసినది. అడిగితే అందులో పోసి చూపించాలి, పాతిక మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు. మావాడి చేత అడిగించాను. సిగ్గుపడుతూ అడిగాడు. సరిపోయింది.

సిగ్గుపడిన మాట నిజమే. వెనక ఆటోవాళ్లు హారన్లు కొడుతుంటే పాత్ర తెప్పించి పోయించుకోవడం, పెళ్లి భోజనాల్లో నెయ్యి తూకం అడిగినట్టుంటుంది.

మేస్త్రి: సరేనండి. బంకు మంచిది, పుస్తకం మంచిది. పెట్రోలు మాత్రం చెడ్డది. ఒప్పుకోండి.

మాస్టారు: ఒప్పుకుంటాను, దాని వాటా మేరకు. లీటరు పెట్రోలులో ఇంచుమించు తొమ్మిది యూనిట్ల కరెంటంత శక్తి ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో ఉండేది అందులో మూడింట రెండొంతులు. నూటికి ఇరవై పాళ్లు అది కలిస్తే, ఆ ఇరవైలో మూడోవంతు పోయినట్టు. అంటే నూటికి ఆరున్నర. నీతి ఆయోగ్ 2021లో వేసిన ఇథనాల్ ప్రణాళికలోనూ మొదట మామూలు పెట్రోలుకు తయారైన కార్లకు ఆరు, ఏడు శాతం తగ్గొచ్చనే రాశారు. 16.2లో ఆరున్నర శాతం తీసెయ్యి. 15.1 మిగులుతుంది. పైగా అప్పటి పెట్రోల్లోనూ కాస్తో కూస్తో కలిసేది కాబట్టి నష్టం ఇంకా తక్కువే. మరి 15.1 ఉండాల్సింది 12.8 ఎందుకుంది? ఇథనాల్ తిన్నది కిలోమీటరు. మిగతా రెండుంపావు ఎవరు తిన్నారు?

మేస్త్రి: మీరు శక్తి లెక్క చెప్తున్నారు, నేను రబ్బరు లెక్క చెప్తున్నానండి. పాత బళ్ల పెట్రోలు పైపులు దీనికి తట్టుకోవట్లేదు. ఉబ్బుతున్నాయి, పగులుతున్నాయి. చెమ్మ లాక్కుంటుంది కూడా. సగం బళ్లకు కారిపోవడమేనండి మైలేజీ.

ఈ మాటకు మావయ్య నోటుబుక్కులో జవాబు లేదు. మేస్త్రి బోనెట్ ఎత్తి, పైపుల వెంట ముక్కు పెట్టుకుని ట్యాంకు దాకా వెళ్లొచ్చాడు. జాయింట్ల దగ్గర తెల్లటి గుడ్డ తిప్పి చూశాడు. తడి లేదు. "కారట్లేదండి" అన్నాడు, తన వాదం తనే ఓడించుకుంటున్నానన్న బాధ ఏమీ లేకుండా. మేస్త్రిలో నాకు నచ్చేది ఇదే. ఊహ తప్పయితే గుడ్డ దులిపినట్టు దులిపేస్తాడు.

తర్వాత ప్లగ్గులు విప్పాడు. ఈ బండికి మూడే సిలిండర్లు, మూడే ప్లగ్గులు. పాత న్యూస్ పేపరు మీద వరసగా పేర్చాడు, ఏది ఏ సిలిండరుదో మారిపోకుండా. బాగున్న ప్లగ్గు కొన పాలు ఎక్కువైన టీ రంగులో ఉండాలట. ఇవి మూడూ నల్లగా, దీపపు చిమ్నీ లోపలి మసిలా ఉన్నాయి. మేస్త్రి బొటనవేలితో ఒకదాని మీద రాశాడు. మసి పొడిగా రాలింది.

మేస్త్రి: చూశారా, పొడి మసి. నూనె మసి అయితే జిడ్డుగా ఉంటుందండి. అప్పుడు బోరు పోయిందని చెప్పేవాణ్ని, మీరు బండి అమ్ముకునేవారు. ఇది పెట్రోలు మసి. మిక్చరు ఎక్కువ పడుతోంది.

మాస్టారు: ఒక్కటి నలుపైతే ఆ ఒక్క సిలిండరు జబ్బు. ప్లగ్గో, వైరో, ఇంజెక్టరో. మూడూ ఒకే నలుపంటే ముగ్గురికీ వండి పెట్టేవాడిదే తప్పు.

మేస్త్రి: ఆ మాట బాగుందండి. వండిపెట్టేవాడు కంప్యూటరు. కార్బొరేటరు రోజుల్లో అయితే స్క్రూ పావు చుట్టు తిప్పితే మాట వినేది. చెవి పెట్టి వింటూ తిప్పేవాళ్లం. ఇప్పుడా స్క్రూ ఎక్కడుందండీ? ఎయిర్ ఫిల్టరు మార్చేద్దాం, ఆక్సిజన్ సెన్సరు మార్చేద్దాం, ఇంజెక్టర్లు కడిగేద్దాం.

మాస్టారు: అన్నీ మార్చేస్తే ఏదో ఒకటి తగులుతుందిలే. దాన్ని వైద్యం అనరు, లాటరీ అంటారు. ఎయిర్ ఫిల్టరు కార్బొరేటరు బండికి నిజంగానే లెక్క. గాలి అందకపోతే పెట్రోలు ఎక్కువ లాగుతుంది. ఇంజెక్షను బండిలో ఎంత గాలి వస్తే కంప్యూటరు అంతకు తగ్గట్టే పెట్రోలు పోస్తుంది. ఫిల్టరు మూసుకుపోతే లాగుడు తగ్గుతుంది గానీ మైలేజీ పెద్దగా పడదు. అమెరికాలో ఓక్ రిడ్జ్ ల్యాబువాళ్లు 2009లో పరీక్ష చేసి మరీ చెప్పారు.

మేస్త్రి: అమెరికా ధూళి వేరండి, ఆటోనగర్ ధూళి వేరు.

ఫిల్టరు విప్పి గాలి కొట్టి మళ్లీ పెట్టాడు. ఇద్దరూ గెలిచినట్టే మొహాలు పెట్టారు. ఈ లోపల టీ వచ్చింది. టీ తాగుతూ మేస్త్రి బండి చుట్టూ తిరిగి, ఎడమ వెనక చక్రం దగ్గర ఆగాడు. వంగి, డిస్కు కప్పు మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు. కుడివైపు వెళ్లి అక్కడా పెట్టాడు. అక్కడ చెయ్యి తీయలేదు.

మేస్త్రి: మాస్టారూ, ఇలా వచ్చి చెయ్యి పెట్టండి. మెల్లగా.

జాకీ ఎత్తాక కుడి చక్రాన్ని చేత్తో తోస్తే నాలుగైదు చుట్లు తిరిగింది. ఎడమది అర చుట్టు తిరిగి, ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది. లోపల బ్రేకు షూ డ్రమ్మును వదలట్లేదు. హ్యాండ్ బ్రేకు కేబులు తుప్పు పట్టి, దించినా పూర్తిగా వెనక్కి రావట్లేదు. అంటే నేను నెలల తరబడి ఒక చక్రానికి కాస్త బ్రేకు వేసుకునే తిరుగుతున్నాను. ఎద్దు మెడకు మొద్దు కట్టి మేతకు తోలినట్టు.

మేస్త్రి: ఇది ఏ పుస్తకంలో రాశారండీ?

మాస్టారు: రాయలేదు. చెయ్యి కూడా కొలబద్దే, ఒప్పుకున్నాను. కానీ బ్రేకు పట్టేస్తే ప్లగ్గు నల్లబడదు మేస్త్రీ. బరువు పెరిగితే ఇంజను ఎక్కువ తాగుతుంది, ఎక్కువ మండిస్తుంది. మండకుండా మసి మిగలడానికి వేరే కారణం ఉండాలి. దొంగలు ఒకరు కాదు.

మేస్త్రి: ఇంకో దొంగ కూడా దొరికాడు నాకు. చెప్తే మీరు బాధపడతారు.

మాస్టారు: చెప్పు.

మేస్త్రి: మీ పుస్తకమేనండి.

మేస్త్రి చక్రం పక్కన గొంతుక్కూర్చుని, టైరు మీద మట్టి తుడిచి వేలు పెట్టి చూపించాడు. 145/80 ఆర్12 అని ఉంది. రెండేళ్ల కిందట నేనే వేయించాను. షాపువాడు "మీ సైజు స్టాకు లేదు సార్, ఆల్టోది వేసేస్తా, రిమ్ము ఒకటే" అన్నాడు. చక్కగా ఎక్కింది. నేను మళ్లీ ఆలోచించలేదు.

మేస్త్రి: ఈ బండికి రావాల్సింది 145/70 అండి. ఇది దానికంటే ఎత్తు. ఎత్తు టైరు ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. మీటరు లెక్కపెట్టేది చుట్లనే కదా, దూరాన్ని కాదు కదా. దానికి టైరు మారిందని ఎవరు చెప్పారు? మీరు నడిచింది ఎక్కువ, రాసింది తక్కువ. మైలేజీ కొంత పోనేలేదండి, మీరే పారేశారు.

మావయ్య ఏమీ అనకుండా నోటుబుక్కు వెనక పేజీలో లెక్క వేశాడు. పన్నెండు అంగుళాల రిమ్ము 304.8 మిల్లీమీటర్లు. డెబ్బై టైరుకు రెండు వైపులా కలిపి 203. ఎనభై టైరుకు 232. మొత్తం 507.8 ఒకటి, 536.8 ఇంకొకటి. తేడా నూటికి ఐదున్నర పైన. పెన్ను మూసి "రాళ్లు లెక్కపెడదాం పద" అన్నాడు. కాగితం మీద వచ్చినది రోడ్డు మీద కూడా రావాలి ఆయనకు.

ఏలూరు వైపు హైవే ఎక్కాం. నేను నడుపుతున్నాను, మావయ్య ముందు సీటులో నోటుబుక్కుతో, మేస్త్రి వెనక సీట్లో కిటికీలోంచి కిలోమీటరు రాళ్లు చూస్తూ ఒకటి, రెండు అని పైకి లెక్కపెడుతూ. గన్నవరం దాటాం. ఇరవయ్యో రాయి దగ్గర ఆపించి మీటరు చూశారు. పంతొమ్మిది నిండలేదు. మేస్త్రి వెనక నుంచి చప్పట్లు కొట్టాడు. సరిదిద్దితే 12.8 కాస్తా 13.5 అయింది. ఉత్త పుణ్యానికి ముప్పావు కిలోమీటరు దొరికింది. ఒక్క స్క్రూ కూడా విప్పకుండా ఏ బండికైనా ఇంతకంటే మంచి రిపేరు నేను చూళ్లేదు.

మావయ్య మాత్రం చప్పట్లు వినిపించుకోలేదు. ఆయన డ్యాష్‌బోర్డు వైపే చూస్తున్నాడు.

మాస్టారు: మేస్త్రీ, ఆ ముల్లు చూడు.

మేస్త్రి: ఏ ముల్లండీ?

మాస్టారు: వేడి ముల్లు. ఆటోనగర్‌లో ట్రాఫిక్‌లో ఉన్నంతసేపూ మధ్యకు వచ్చింది. హైవే ఎక్కి అరవైలో పోతుంటే మెల్లగా కిందికి జారింది. ఇప్పుడు చలి గుర్తు దగ్గర కూర్చుంది. బయట నలభై రెండు డిగ్రీలు. ఇంజను పని చేస్తోంది. నీళ్లు చల్లబడుతున్నాయి. ఎట్లా?

మేస్త్రి: గాలి బాగా తగులుతోంది కదండీ రేడియేటరుకి.

మాస్టారు: తగలనీ. నీళ్లు వేడెక్కేదాకా రేడియేటరు వైపు పోనివ్వకుండా ఆపే తలుపు ఒకటుండాలిగా? 82 డిగ్రీల దగ్గర తెరుచుకునేది.

వెనక సీటు నుంచి జవాబు రాలేదు. మేస్త్రి రాళ్లు లెక్కపెట్టడం కూడా మానేశాడు.

మర్నాడు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మావయ్య నా చెయ్యి పట్టుకుని రేడియేటరు పై హోసు పైపు మీద పెట్టించాడు. స్టార్టు చేశాం. తలుపు ఉన్న బండికైతే ఆ పైపు చాలాసేపు చల్లగానే ఉండి, ఉన్నట్టుండి ఒక్కసారిగా కాలుతుందట. ఇది మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా, మెల్లమెల్లగా, స్నానాల గదిలో గీజరు నీళ్లలా వెచ్చబడుతూ వచ్చింది.

మాస్టారు: ఇందులో థర్మోస్టాట్ వాల్వు ఉందా, లేదా?

మేస్త్రి టీ గ్లాసులో అడుగున మిగిలింది నేల మీద పారబోసి, గ్లాసు పక్కన పెట్టాడు.

మేస్త్రి: లేదండి. నేనే తీసేశాను. 2017 మేలో. ఏలూరు నుంచి వస్తూ హనుమాన్ జంక్షన్ దగ్గర ఆవిరి కక్కింది చూడండి, అప్పుడు. హెడ్డు గాస్కెట్టు పోయింది. రేడియేటరు సగం మూసుకుపోయి ఉంది. అన్నీ బాగు చేసి, వాల్వు మాత్రం తీసి అవతల పారేశాను. నేనొక్కణ్నే కాదండి, ఈ వీధిలో ఎవరినైనా అడగండి. రోళ్లు పగిలే ఎండలు మనవి. ఇంజనుని వేడిగా ఉంచడానికి ఒక సామాను ఎందుకండీ మనకి? అది చలిదేశాల వాళ్లు వాళ్ల కోసం పెట్టుకున్నది.

మాస్టారు: ఎండ నీకూ నాకూ. ఇంజనుకు కాదు. లోపల మంట వేల డిగ్రీల్లో మండుతుంటే బయట ఇరవై అయినా నలభై అయినా దానికి ఒకటే. కంప్యూటరుకు క్యాలెండరు తెలీదు మేస్త్రీ. దానికి తెలిసిందల్లా నీళ్లలో ముంచిన సెన్సరు చెప్పే మాట. నీళ్లు ఇంకా చల్లగా ఉన్నాయని సెన్సరు చెప్తుంటే, ఇంజను ఇప్పుడే నిద్ర లేచిందనుకుని కాస్త ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. బెజవాడలో మే నెల. దానికి మాత్రం మాఘమాసం. వేడెక్కని ఇంజనులో ఆయిలు చిక్కగా ఉంటుంది, గోడలకు తగిలిన పెట్రోలు పూర్తిగా మండదు. ఆ మసే నువ్వు న్యూస్ పేపరు మీద పేర్చావు.

మేస్త్రి: మరి దీపం వెలగలేదేంటండీ? లోపం ఉంటే ఇంజను దీపం వెలగాలి కదా.

మాస్టారు: వైరు తెగితే వెలుగుతుంది. సెన్సరు నిజమే చెప్తోంది, నీళ్లు నిజంగానే చల్లగా ఉన్నాయి. ఈ పాత కంప్యూటరు దృష్టిలో అది తప్పు కాదు.

నేను మావయ్య గెలిచాడనుకున్నాను. మేస్త్రి తల దించుకుంటాడనుకున్నాను. ఆయన దించుకోలేదు.

మేస్త్రి: మాస్టారూ, మీరు చెప్పింది సరే. ఇప్పుడు నా లెక్క వినండి. ఆ వాల్వు పాతబడితే ఎలా చస్తుంది? తెరుచుకుని చస్తే గొడవ లేదు. మూసుకుని చస్తే? నీళ్లు తిరగవు, పది నిమిషాల్లో మరుగుతాయి. మీరు తోలినన్నాళ్లూ ముల్లు మీద కన్నుండేది. ఈ బాబు సెల్లు మీద పాటలు చూసుకుంటాడు గానీ ముల్లు చూస్తాడా? ఆవిరి వచ్చి అద్దం కప్పేసేదాకా తోలుతాడు. 2017లో అదే చేశాడు. వాల్వు లేకపోతే నెలకి నాలుగైదు వందలు ఎక్కువ తాగుతుంది, ఒప్పుకుంటా. మూసుకుపోతే ఒక్క రోజులో హెడ్డు పని, పదిహేను వేలు. నేను అప్పుడు వైద్యం చేసింది బండికి కాదండి, తోలేవాడికి.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. నాకూ మాట్లాడాలనిపించలేదు, కారణం వేరు.

నా మటుకు నాకు మొదట మేస్త్రి మాటే బరువుగా తోచింది. నెలకు వంద కిలోమీటర్లు తిరిగే ముసలి బండికి పెట్రోలు మిగలడం కంటే హెడ్డు మిగలడం ముఖ్యం కావచ్చు. కానీ నేను తిరిగేది నెలకు ఐదారు వందలు. లీటరు 110 చొప్పున వేసుకుంటే, మైలేజీ 13.5 నుంచి 15కు వచ్చినా నెలకు నాలుగు లీటర్లు, నాలుగు వందల పైచిలుకు మిగులుతుంది. వాల్వు కొన్ని వందల రూపాయల సరుకు. నెలా రెండు నెలల్లో దాని ఖరీదు అదే తెచ్చుకుంటుంది.

మాస్టారు: సరే. వాల్వు పెడదాం. కానీ నీ భయం నిజమైనదే కాబట్టి, చూసి పెడదాం. వాడికి ముల్లు చూడటం నేను నేర్పుతాను.

మేస్త్రి: చూసి పెట్టడమేంటండీ? కొత్తదే కదా?

మాస్టారు: కొత్తది తెరుచుకుంటుందని ఎవరు చెప్పారు? డబ్బా చెప్పిందా?

పక్క టీ కొట్టు నుంచి ఒక గిన్నె అరువు తెచ్చారు. కొట్టతను గిన్నె ఇచ్చి, ఏం వండుతారో చూడాలని వెనకే వచ్చాడు. కొత్త వాల్వు చూడ్డానికి ఇత్తడి బొంగరంలా ఉంది, అంచు మీద 82 అని చెక్కి ఉంది. దాన్ని దారానికి కట్టి నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీశారు. మావయ్య సంచీలోంచి కాలేజీ నాటి థర్మామీటరు తీశాడు. అది సంచీలో ఎందుకుందని ఎవరూ అడగలేదు. లోపల మైనం ఉంటుందని, వేడికి అది ఉబ్బి తలుపును తోస్తుందని చెప్పాడు. డెబ్బై దాటింది, కదల్లేదు. ఎనభై, కదల్లేదు. మేస్త్రి "ఇదే చచ్చినదిలా ఉందండి" అని ఆశగా అన్నాడు. 83 దగ్గర అంచున వెంట్రుకంత సందు కనిపించింది. చూస్తుండగానే అది వేలి మందమైంది. మంట తీసేశాక మళ్లీ మెల్లగా మూసుకుంది. టీ కొట్టతను "అబ్బో, బతికే ఉందిరోయ్" అన్నాడు. ఆ గిన్నెలో మాత్రం మళ్లీ టీ కాయలేదు.

మాస్టారు: ఇప్పుడు ఒక పద్ధతి. ఈ రోజు వాల్వు ఒక్కటే పెట్టు. రెండు ట్యాంకులు నడిపి అంకె చూస్తాం. ఆ తర్వాత బ్రేకు. ఒకేసారి రెండు మారిస్తే ఏది ఎంత మేలు చేసిందో తెలీదు.

మేస్త్రి: పట్టేసిన బ్రేకుతో పిల్లాణ్ని స్కూలుకి పంపిస్తారాండీ, మీ లెక్క కోసం?

మావయ్య నా వైపు చూశాడు. నేను సాయంత్రానికల్లా బండి కావాలన్నాను. మావయ్య వెళ్లిపోయాక మేస్త్రి రెండు పనులూ చేసేశాడు. కొత్త కేబులు వేశాడు, బ్రేకు షూలు విప్పి గరుకు కాగితం పట్టాడు, ఎడమ చక్రం తోసి చూపించాడు. ఐదు చుట్లు. రేడియేటరు నీళ్లు దింపి, వాల్వు కూర్చోబెట్టి, కొత్త కూలెంటు పోశాడు. ఆ వాల్వు గూడుకు పానా పెట్టేటప్పుడు మాత్రం ఆయన మొహం, పదేళ్ల కిందట అలిగి వెళ్లిన చుట్టాన్ని ఇంట్లోకి పిలుస్తున్నట్టుంది. బల్లకు వేలాడుతున్న "మైలేజీ పెంచే" అయస్కాంతం ఒకటి చూపించి ఇదీ వేయమంటారా అని అడిగాడు. ఎవరో అమ్మకానికి ఇచ్చి వెళ్లారట. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ విషయంలో ఆ షెడ్డులో భేదాభిప్రాయం లేదు.

తర్వాత నాలుగు ట్యాంకులు రాశాను, ఈసారి మీటరు అంకెకు టైరు తేడా కలిపి. హైవే ఎక్కినా ముల్లు మధ్యలోనే నిలబడుతోంది. ప్లగ్గులు విప్పి చూస్తే మసి పోయి టీ రంగు తిరిగింది. సగటు 14.7. నోటుబుక్కు పట్టుకుని మావయ్యా నేనూ మళ్లీ షెడ్డుకు వెళ్లాం.

మాస్టారు: 13.5 నుంచి 14.7. కిలోమీటరూ రెండొందల మీటర్లు పెరిగింది. ఇందులో వాల్వుది ఎంత, బ్రేకుది ఎంత?

మేస్త్రి: ఎక్కువ బ్రేకుదేనండి. చక్రం చేత్తో తోసి చూశారు కదా.

మాస్టారు: ప్లగ్గులు చూస్తే వాల్వుదే ఎక్కువనిపిస్తుంది. రెండూ ఒకే రోజు చేసి నువ్వు సాక్ష్యం చెడగొట్టావు.

మేస్త్రి: బండి బాగుపడింది కదండీ.

మాస్టారు: బాగుపడింది. ఎందుకు బాగుపడిందో తెలీలేదు. రేపొద్దున ఇంకొకడు ఇదే బండితో వస్తే ముందు ఏం చూడమని చెప్తావు?

మేస్త్రి: రెండూ చూడమని చెప్తానండి.

మాస్టారు: అలా కాదు. ఒక పని చేద్దాం. ఆ వాల్వు ఒక్క రెండు ట్యాంకులకు తీసేయ్. బ్రేకు ఎలా ఉందో అలాగే ఉంచి నడుపుతాం. అంకె ఎంత పడితే అంత వాల్వుది. మళ్లీ పెట్టేద్దువుగాని. నీ కూలి ఎంతో చెప్పు, ఇచ్చేస్తాను.

మేస్త్రి చేతిలో ఉన్న పానాను బల్ల సొరుగులో వేసి సొరుగు మూశాడు.

మేస్త్రి: ఏంటండీ మాస్టారూ, చదువుకున్నవారు మీరు. బాగున్న బండికి థర్మోస్టాట్ వాల్వు తీసేయమంటారా? నా షెడ్డులో అలాంటి పనులు చేయనండి.